ముగియని కథకు ప్రేక్షకుల జవాబు: అమెరికా పగటి ధారావాహికల స్పందన చరిత్ర

అమెరికాలో పగటిపూట రేడియోలోను, ఆ తరువాత టెలివిజన్‌లోను ప్రసారమైన దైనిక ధారావాహికలకు 1930ల చివరినాటికి పత్రికలవారు 'సోప్ ఒపెరా' అనే పేరు తగిలించారు. ఇందులోని మొదటి మాట ఆ కథలకు డబ్బు పెట్టిన సబ్బుల కంపెనీలను సూచిస్తుంది. రెండోమాట వ్యంగ్యం. మహోన్నత కళగా పేరుపొందిన ఒపెరాను వంటింటి కథ పక్కన నిలబెట్టి నవ్వడం దాని ఉద్దేశం. కథను, దానికి డబ్బిచ్చిన వ్యాపారిని, దాన్ని వినే గృహిణిని ఒక్క దెబ్బకు చిన్నబుచ్చిన పేరది.

ఈ చిన్నచూపు చరిత్ర రచనలోకీ పాకింది. పగటి ధారావాహికల ప్రేక్షకుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాత్రికేయులు, చరిత్రకారులు రెండుమూడు తమాషా ఉదంతాలు చెప్పి ఊరుకున్నారు. చనిపోయిన పాత్రకు సంతాపం పంపిన శ్రోత, దుష్టపాత్ర ధరించిన నటిపై వీధిలో చేయిచేసుకున్న ప్రేక్షకురాలు ఈ ఉదంతాలలో తరచుగా కనిపిస్తారు. కల్పనకూ జీవితానికీ తేడా తెలియని అమాయకులన్న నిర్ధారణ వీటి వెనుక ఉంటుంది. 1930 నుంచి 2010ల ఆరంభం వరకు జరిగిన ఘట్టాలను వరుసగా పరిశీలిస్తే ఈ నిర్ధారణ నిలవదు. ఆ ప్రేక్షకులలో అత్యధికులకు కథ కల్పితమని తెలుసు. అది ఇంకా పూర్తికాలేదని కూడా తెలుసు. రాయబోయే భాగాన్ని తమ మాట మార్చగలదన్న ఎరుకే వారి స్పందనకు మూలం. అయితే ఆ స్పందనలో ఏది కథలోకి చేరింది, ఏది దారిలోనే ఆగిపోయింది అన్నది వేరే ప్రశ్న. దాని సమాధానం సాహిత్యంలోకన్నా సబ్బుల వ్యాపారంలో ఎక్కువగా దొరుకుతుంది.

సబ్బు పెట్టె చీటీ

చికాగోలోని డబ్ల్యు.జి.ఎన్. రేడియో కేంద్రం 1930 అక్టోబరులో 'పెయింటెడ్ డ్రీమ్స్' ప్రసారాన్ని మొదలుపెట్టింది. దాని రచయిత్రి ఇర్నా ఫిలిప్స్ అంతకుముందు ఉపాధ్యాయురాలు. రచన హక్కుల విషయంలో కేంద్రంతో తగవుపడి బయటికి వచ్చి, 1932లో 'టుడేస్ చిల్డ్రన్', 1937 జనవరి 25న 'ది గైడింగ్ లైట్' ప్రారంభించారు. చివరిది 1952లో టెలివిజన్‌కు మారి, 2009 సెప్టెంబరు 18 వరకు, అంటే రేడియో కాలంతో కలిపి 72 సంవత్సరాలు నడిచింది. ఒకే కథ మూడు తరాల ఇళ్లలో వినిపించిన సందర్భం ప్రపంచ కథాచరిత్రలోనే అరుదు.

తొలినాళ్లలో శ్రోతల స్పందనను రాబట్టిన తీరు గమనించదగినది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ తన ఆక్సిడాల్ బట్టల సబ్బు కోసం 1933లో ఆరంభించిన 'మా పెర్కిన్స్' ధారావాహికలో శ్రోతలకు పూలవిత్తనాల పొట్లం ఇస్తామని చెప్పారు. అందుకు శ్రోత చేయవలసిందల్లా ఆక్సిడాల్ చీటీని, పది సెంట్ల నాణేన్ని కవరులో పెట్టి పంపడమే. దాదాపు పది లక్షల జవాబులు వచ్చాయి. విత్తనాలు నెపం మాత్రమే. ఎంతమంది వింటున్నారు, వింటున్నవారిలో ఎంతమంది కొంటున్నారు అన్న రెండు ప్రశ్నలకు ఆ కవరు ఒకేసారి సమాధానం తెచ్చింది. శ్రోతల సంఖ్యను టెలిఫోను ద్వారా అంచనా వేసే పద్ధతులు అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్న కాలమది.

కవరులో చీటీ పెట్టిన స్త్రీ పక్కనే నాలుగు మాటలు కూడా రాసింది. పాత్రల గురించి అభిప్రాయం, పొరుగింటి సంగతి, తన ఇంటి కష్టం అందులో చేరాయి. వ్యాపారి అడిగింది లెక్క. శ్రోత ఇచ్చింది లెక్కతోపాటు వ్యాఖ్యానం. పగటి ధారావాహికల ప్రేక్షక స్పందన చరిత్ర ఈ రెండింటి మధ్య పెనుగులాటగా మొదలైంది. ఫిలిప్స్ తన కాగితాలను భద్రపరిచారు. అవి నేడు మాడిసన్‌లోని విస్కాన్సిన్ చారిత్రక సంఘంలో ఉన్నాయి. అయితే ఇటువంటి ఏ నిల్వలోనైనా మిగిలేవి ఎవరో ఒకరికి ఉపయోగమని తోచినవే. పారవేసిన ఉత్తరాలను చదివే అవకాశం చరిత్రకు లేదు. అందువల్ల దొరికిన ఉత్తరాలను ప్రేక్షకలోకానికి నిలువుటద్దంగా భావించడం పొరపాటవుతుంది.

ఉత్తరానికి ఉన్న శక్తి శ్రోతలకు త్వరలోనే తెలిసివచ్చింది. 'ది గైడింగ్ లైట్' 1939-42 మధ్యకాలంలో రెండుసార్లు ఆగిపోయి, శ్రోతల నిరసన మీద తిరిగి మొదలైంది. కల్పిత పాత్రల క్షేమసమాచారం అడగడానికి కాక, ప్రసారాన్ని పునరుద్ధరించమని కోరడానికి ఉత్తరం రాసినవారిని అమాయకులనడం కష్టం.

రోగమా, ఆస్వాదమా

శ్రోతల మీద మొదటి పెద్ద దాడి వైద్యం పేరుతో జరిగింది. న్యూయార్క్ మానసిక వైద్యుడు లూయీ బెర్గ్ 1942లో ఈ ధారావాహికలు వినేవారికి రక్తపోటు, గుండెదడ, ఆందోళన కలుగుతాయని ప్రకటించాడు. 1948లో 'న్యూయార్కర్' పత్రికలో పగటి ధారావాహికల గురించి అయిదు వ్యాసాలు రాసిన హాస్యరచయిత జేమ్స్ థర్బర్ ఇందులోని గుట్టు విప్పాడు: బెర్గ్ పరీక్షించింది తనను తానే. లక్షలాది స్త్రీల ఆరోగ్యం గురించిన నిర్ధారణకు ఆధారం ఒక పురుషుడి నాడి!

ఇదే కాలంలో రెండు గంభీరమైన అధ్యయనాలు వచ్చాయి. చలనచిత్ర సిద్ధాంతకర్తగా ప్రసిద్ధుడైన రుడాల్ఫ్ ఆర్న్‌హైమ్ 43 ధారావాహికల కథాంశాలను విశ్లేషించాడు. ఆయన దృష్టి పాఠం మీదనే. వియన్నా నుంచి అమెరికాకు వలసవచ్చి, పాల్ లాజర్స్‌ఫెల్డ్ నడిపిన రేడియో పరిశోధన బృందంలో పనిచేసిన హెర్టా హెర్జోగ్ వేరే దారి పట్టింది. న్యూయార్క్ పరిసరాల్లోని వందమంది శ్రోతలతో మాట్లాడి 1941లో ఆమె వెలువరించిన వ్యాసం శీర్షికకు 'అరువు తెచ్చుకున్న అనుభవం' అని అర్థం. ఆ శీర్షికలో కొంత నిష్ఠూరం లేకపోలేదు. 1944 నాటి రెండో వ్యాసంలో శ్రోతలకు కలిగే తృప్తులను ఆమె మూడు రకాలుగా చెప్పింది. మనసులోని బరువు దింపుకోవడం, కోరికలను ఊహలో తీర్చుకోవడం, జీవితంలో ఎలా మెలగాలో సలహా పొందడం. ధారావాహికలు వినేవారు విననివారికన్నా సంఘానికి దూరంగా బతికే ఒంటరులన్న నమ్మకానికి సర్వేలలో ఆధారం దొరకలేదని కూడా ఆ వ్యాసం చెప్పింది. బెర్గ్ ప్రకటనకు దక్కిన ప్రచారంలో పదోవంతైనా ఈ ఫలితానికి దక్కలేదు.

తెలుగు విమర్శకులకు ఈ వాతావరణం కొత్తది కాదు. వారపత్రికల్లో ధారావాహికలుగా వచ్చిన స్త్రీల నవలలను పలాయనవాదమని కొట్టిపారేసిన 1960-80ల విమర్శ పాఠకురాలిని ఇలాగే ఊహించింది. ఆమెను అడిగి తెలుసుకున్నది తక్కువ. వైద్యుడి స్థానంలో మనదగ్గర సాహిత్య విమర్శకుడు నిలిచాడన్నదే తేడా.

'కల్పనకూ జీవితానికీ తేడా తెలియకపోవడం' అన్న ఆరోపణను భారతీయ ఆలంకారికులు ఎంతో ముందే సూక్ష్మంగా చర్చించారు. శంకుకుడి చిత్రతురగ న్యాయం ఇక్కడ ఉపకరిస్తుంది. బొమ్మలోని గుర్రాన్ని చూసి 'ఇది గుర్రం' అనుకునేటప్పుడు కలిగే జ్ఞానం యథార్థ జ్ఞానం కాదు, భ్రాంతి కాదు, సంశయం కాదు, సాదృశ్య జ్ఞానమూ కాదు. నటుడిలో రాముణ్ణి చూసే ప్రేక్షకుడి ప్రతీతి కూడా అటువంటి విలక్షణమైనదే. 'మా పెర్కిన్స్'కు సంతాపం రాసిన శ్రోతను మిథ్యాజ్ఞానం కింద జమకట్టినవారు ఈ అయిదో ప్రతీతికి చోటు లేని లెక్క వేశారు.

అయినా రసచర్చ ఈ విషయానికి పూర్తిగా సరిపోదు. దశరూపకం ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రమం అని విభజించింది. ఉత్పాద్యమైనా సరే, తెర లేచేనాటికి కవి దాన్ని ముగించి ఉంటాడు. ముఖం నుంచి నిర్వహణం వరకు అయిదు సంధులూ కూర్చి ఉంటాయి. పద్యనాటక ప్రేక్షకుడు 'వన్స్ మోర్' అని కేకవేసి పద్యాన్ని మళ్లీ పాడించగలిగాడే కాని హరిశ్చంద్రుణ్ణి కాటికి పోకుండా ఆపలేకపోయాడు. పగటి ధారావాహికలో నిర్వహణ సంధి లేదు. ఈరోజు భాగం ప్రసారమవుతున్నప్పుడు రాబోయే వారాల భాగాలు ఇంకా రాతబల్ల మీద ఉంటాయి. సహృదయుడికి ఇక్కడ ఆస్వాదంతోపాటు అభ్యర్థనకూ అవకాశముంది. అలంకారశాస్త్రం ఊహించవలసిన అవసరం రాని ప్రేక్షకుడితడు.

మరణాలు, మందలింపులు

ప్రేక్షక స్పందన ఉద్ధృతంగా వ్యక్తమైనవి మరణ ఘట్టాలు. రెండో ప్రపంచయుద్ధం సాగుతుండగా 1944లో 'మా పెర్కిన్స్' కుమారుడు జాన్ యుద్ధభూమిలో మరణించాడు. శ్రోతల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సానుభూతి తెలిపేవీ, రచయితలను నిందించేవీ ఉన్నాయి. ఈ రెండు రకాలనూ ఒకే గుంపులో వేయకూడదు. కొడుకులను యుద్ధానికి పంపి తంతి కోసం భయపడుతున్న తల్లులకు ఆ భాగం కల్పనగా తోచిందా లేదా అన్న ప్రశ్న అసందర్భం. వారు పంపిన సానుభూతి పెర్కిన్స్ పేరు మీదుగా ఒకరికొకరు చెప్పుకున్నదే. నిందించినవారి వాదన ఇంకా స్పష్టం. ఊరట కోసం పెట్టుకున్న కథలోకి కూడా ఆ తంతిని తేవడం అవసరమా అని వారడిగారు. అది రచనా నీతికి సంబంధించిన ప్రశ్న.

ఫిలిప్స్ రచనే అయిన 'యాజ్ ద వరల్డ్ టర్న్స్' 1956 ఏప్రిల్ 2న మొదలైంది. అంతవరకు పావుగంట ఉండే టెలివిజన్ ధారావాహిక దీనితో అరగంటకు పెరిగింది. అందులోని పెన్నీ, జెఫ్ జంటను యువ ప్రేక్షకులు విశేషంగా ఆదరించారు. జెఫ్ పాత్రధారి మార్క్ రైడెల్ నిష్క్రమించడంతో 1962లో ఆ పాత్రను కారు ప్రమాదంలో చంపారు. నిరసన వెల్లువెత్తింది. రైడెల్ తరువాత దర్శకుడై 'ఆన్ గోల్డెన్ పాండ్' వంటి చిత్రాలు తీశాడు. నటుడు బతికే ఉన్నాడని, వేరే పని చూసుకున్నాడని తెలిసినా నిరసన తగ్గవలసిన పని లేదు. ప్రేక్షకుల అభ్యంతరం ఒక నటుడి వెళ్లిపోవడానికి ఒక పాత్ర ప్రాణం మూల్యమా అన్నది. పగటి ధారావాహికల్లో మరణాలకు తరచుగా కథలోని కారణం ఒకటి, ఒప్పందాల్లోని కారణం ఒకటి ఉంటాయి. అభిమానులు ఈ రెండో కారణాన్ని పసిగట్టడంలో ఆరితేరారు. 1975లో 'సోప్ ఒపెరా డైజెస్ట్' వంటి పత్రికలు వెలువడడంతో ఆ జ్ఞానం అచ్చులోకి ఎక్కింది.

అదే ధారావాహికలో 1960 నుంచి లీసా అనే కుటిల స్త్రీ పాత్ర ధరించిన ఐలీన్ ఫుల్టన్‌ను న్యూయార్క్‌లో ఒక దుకాణం బయట ఒక స్త్రీ కొట్టింది. ఫుల్టన్ స్వయంగా పలుమార్లు చెప్పిన ఉదంతమిది. ప్రేక్షకుల అమాయకత్వానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదన్నట్టు దీన్ని ఉటంకిస్తారు. కోట్లమంది చూసిన ధారావాహికలో ఒక చేయి లేవడం ఒక ఉదంతం మాత్రమే. ఆ చేతిని మొత్తం ప్రేక్షకలోకానికి అతికించడం విమర్శ కాదు. లీసాను తిట్టుకోవడానికే మధ్యాహ్నం టెలివిజన్ ముందు కూర్చున్నవారు ఆ పాత్రను కథలో నిలబెట్టారన్నది దీనికన్నా ముఖ్యమైన విషయం. ఫుల్టన్ ఆ పాత్రను ధారావాహిక ముగిసిన 2010 వరకు ధరించింది. ద్వేషం కూడా ఆదరణలో ఒక రూపమని నిర్మాతలకు తెలుసు.

బోధన కోసం రాసిన ఘట్టాల్లోనూ స్పందన కీలకమైంది. ఫిలిప్స్ శిష్యురాలు ఆగ్నెస్ నిక్సన్ 1962లో 'ది గైడింగ్ లైట్'లో బర్ట్ బావర్ పాత్రకు గర్భాశయ క్యాన్సర్ వచ్చినట్టు రాసింది. క్యాన్సర్, గర్భాశయం అన్న మాటలు వాడకూడదన్న షరతుతో ప్రసార సంస్థ, ప్రాయోజక కంపెనీ అంగీకరించాయి. వ్యాధి పేరు చెప్పకుండా పరీక్ష అవసరాన్ని మాత్రం చెప్పిన ఈ విచిత్ర రచనను ప్రేక్షకురాళ్లు సరిగ్గానే అర్థం చేసుకున్నారని వారి ఉత్తరాలు తెలిపాయి. చెప్పకుండా వదిలినదాన్ని పూరించుకునే శక్తినే మన ఆలంకారికులు సహృదయత అన్నారు.

భారతదేశానికి ఈ చరిత్రతో ఉన్న సంబంధం ఇక్కడే. ధారావాహికను సామాజిక బోధనకు వాడే పద్ధతిని మెక్సికోలో మిగేల్ సబీదో తీర్చిదిద్దాడు. ఆ నమూనాతో దూరదర్శన్ 1984-85లో 156 భాగాల 'హమ్ లోగ్'ను ప్రసారం చేసింది. అది పగటి ధారావాహిక కాకపోయినా నాలుగు లక్షలకు పైగా ఉత్తరాలు అందుకుంది. అందులో అణిగిమణిగి ఉండే తల్లి భాగవంతి అనుసరించకూడని నమూనాగా ఉద్దేశించిన పాత్ర. చాలామంది ప్రేక్షకురాళ్లు ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారని సింఘల్, రోజర్స్ అధ్యయనం వెల్లడించింది. రచయిత ఉద్దేశానికీ ప్రేక్షకుడి గ్రహణానికీ మధ్య ఎంత దూరముంటుందో చూపే ఉదాహరణల్లో ఇది ముఖ్యమైనది.

ప్రేక్షకుల మీదకే తిరిగిన మలుపు

నిక్సన్ సృష్టించిన 'వన్ లైఫ్ టు లివ్' 1968 జులై 15న ప్రారంభమైంది. ఆ సంవత్సరమే అందులో కార్లా బెనారి అనే యువతి ప్రవేశించింది. ఆమె ఇటలీ మూలాలున్న తెల్లజాతి నటిగా పరిచయమై, ఒక తెల్ల వైద్యుడితో పెళ్లికి సిద్ధపడింది. ఆ పాత్రధారిణి ఎలెన్ హోలీ నల్లజాతి స్త్రీ. ఛాయ తక్కువైన నల్లజాతి నటీనటులు ఎదుర్కొనే ఇబ్బందుల గురించి ఆమె 'న్యూయార్క్ టైమ్స్'లో రాసిన వ్యాసమే నిక్సన్ దృష్టిని ఆకర్షించింది. హోలీ జాతి సంగతిని ప్రేక్షకుల నుంచి కొన్ని నెలలు దాచారు.

కథలో కార్లా మనసు ఒక నల్లజాతి వైద్యుడి వైపు మొగ్గింది. వారిద్దరూ ముద్దుపెట్టుకున్న భాగం ప్రసారమైనప్పుడు ఏబీసీ సంస్థకు నిరసన ఫోన్లు వచ్చాయి. తెల్ల స్త్రీ నల్లవాణ్ణి ముద్దాడిందన్నది వారి కోపం. ఆ తరువాత కార్లా ఆసుపత్రిలో పనిచేసే నల్లజాతి స్త్రీ సేడీ గ్రే కూతురని, చనిపోయిందని తల్లి నమ్మిన బిడ్డ ఆమేనని బయటపడింది.

పగటి ధారావాహికల మలుపులన్నిటిలో ఇది ప్రత్యేకమైనది. మామూలు మలుపులో పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలుస్తుంది, లేదా ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. ఇక్కడ బయటపడింది పాత్ర రహస్యంతోపాటు ఫోన్ చేసినవాడి మనస్సు కూడా. ఏ ముద్దును ఖండించాడో అది నిజానికి తన నియమం ప్రకారమే తప్పు కాదు. ఏ నిశ్చితార్థాన్ని మౌనంగా ఆమోదించాడో అదే తన నియమం ప్రకారం తప్పు. ప్రేక్షకుడు తన పాత స్పందనను తానే తిరిగి చదువుకోవలసిన స్థితిలో రచయిత్రి అతణ్ణి నిలిపింది. ఈ కథనం పేరు తెచ్చింది. అయితే ఆ పేరుకు తగిన వేతనం, గౌరవం తనకు దక్కలేదని హోలీ 1996 నాటి ఆత్మకథలో రాసింది. జాతి వివక్షను తెర మీద బట్టబయలు చేసిన ధారావాహిక తెర వెనుక దాన్ని ఎంతవరకు వదులుకుందన్న ప్రశ్న ఆ పుస్తకం చదివినవారికి తప్పదు.

'ప్రేక్షకులు కోరారు' అన్న సాకు

స్పందనకు విలువ ఇవ్వాలన్న వాదనకు కఠినమైన పరీక్ష 'జనరల్ హాస్పిటల్'. 1963లో మొదలైన ఈ ధారావాహిక 1978 నాటికి మూతపడే దశలో ఉండగా గ్లోరియా మాంటీ నిర్మాణ బాధ్యత తీసుకుంది. ల్యూక్ స్పెన్సర్ పాత్రకు ఆంథొనీ గేరీని పదమూడు వారాల కోసం తీసుకున్నారు. 1979 అక్టోబరులో ప్రసారమైన భాగంలో ల్యూక్ లారాపై అత్యాచారం చేశాడు. లారా పాత్రధారిణి జీనీ ఫ్రాన్సిస్‌కు అప్పటికి 17 ఏళ్లు.

ల్యూక్ పట్ల ప్రేక్షకుల్లో అనూహ్యమైన ఆకర్షణ కనిపించింది. తాత్కాలిక పాత్ర శాశ్వతమైంది. అతణ్ణి నాయకుడిగా మార్చడానికి అడ్డుగా ఉన్న ఆ రాత్రిని ధారావాహిక క్రమంగా 'లోబరచుకోవడం'గా తిరగరాసింది. 1981 నవంబరు 16, 17 తేదీల్లో వారి పెళ్లిని మూడు కోట్లమంది చూశారు. అమెరికా పగటి ధారావాహికల చరిత్రలో దీన్ని మించిన సంఖ్య లేదు. కళాశాలల విద్యార్థులు తరగతులు మాని ఉమ్మడి గదుల్లో గుమికూడారు. ధారావాహిక అభిమాని అయిన ఎలిజబెత్ టేలర్ పెళ్లికి శాపం పెట్టే పాత్రలో స్వయంగా కనిపించింది.

ఆ మూడు కోట్లు ఒకే గొంతు కాదు. అత్యాచారాన్ని ప్రేమగా మార్చడాన్ని విమర్శించిన స్త్రీలు ఆ కాలంలోనే ఉన్నారు. కాని చూసినవారి సంఖ్యలో వారూ లెక్కకు వచ్చారు. కోపంతో చూసినా, మురిపెంతో చూసినా గణాంకంలో ఒకటే. 'ప్రేక్షకులు కోరారు' అన్న వాక్యంలో కర్త ఎవరన్నది ఇక్కడ తేల్చుకోవలసిన విషయం. కోరిక గురించి మాట్లాడినవారు నిర్మాతలు; దానికి సాక్ష్యంగా చూపింది సంఖ్య; సంఖ్యకు కోరిక తెలియదు. 1998లో ల్యూక్, లారాల కొడుకు లక్కీ ఈ గతాన్ని తెలుసుకున్నట్టు రాసి, ధారావాహిక ఆ ఘటనను అత్యాచారమనే పేరుతో పిలిచింది. దాదాపు రెండు దశాబ్దాలపాటు ఆ పేరును మరచిపోకుండా మోసినవారు ప్రేక్షకులే. రచయితలు, నిర్మాతలు మారారు. చూసేవారు మారలేదు.

ఈ జ్ఞాపకశక్తి మరోచోట తిరుగుబాటుగా మారింది. 1970లో నిక్సన్ ప్రారంభించిన 'ఆల్ మై చిల్డ్రన్'లో ఎరికా కేన్ 1973లో గర్భస్రావం చేయించుకుంది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన కొద్ది నెలలకే ప్రసారమైన ఆ కథ అమెరికా టెలివిజన్ చరిత్రలో ఒక మైలురాయి. 2006లో వేరే రచయితలు ఆ గర్భస్రావం అసలు జరగలేదని, వైద్యుడు పిండాన్ని తన భార్య గర్భంలో నాటాడని, ఆ బిడ్డ జాష్ పెరిగి పెద్దవాడయ్యాడని రాశారు. అభిమానులు మండిపడ్డారు. వైద్యశాస్త్రం ఒప్పుకోదన్నది చిన్న అభ్యంతరం. పగటి ధారావాహికల్లో చనిపోయినవారు లేచిరావడం మామూలే. ఒక స్త్రీ తీసుకున్న నిర్ణయాన్ని మూడు దశాబ్దాల తరువాత ఆమె వెనుకగా రద్దుచేయడం అసలు అభ్యంతరం. మన పురాణ సంప్రదాయంలో పూర్వకథకు కొత్త కారణం చెప్పడం ఉంది, జరిగినదాన్ని జరగలేదనడం అరుదు. జాష్‌ను మూడేళ్లకే చంపి, అతని గుండెను అక్కకు అమర్చి రచయితలు చిక్కు విడిపించుకున్నారు.

లెక్కకు రానివారు

1973లో వాటర్‌గేట్ విచారణ పగటివేళలను ఆక్రమించినప్పుడు ధారావాహికల కోసం ఫిర్యాదు చేసినవారిని దేశవ్యవహారాలు పట్టనివారని ఎగతాళి చేశారు. 1995లో ఓ.జె. సింప్సన్ విచారణ నెలల తరబడి ప్రసారమైనప్పుడు ఫిర్యాదులకన్నా మౌనం ఎక్కువ నష్టం చేసింది. అప్పుడు తప్పిపోయిన ప్రేక్షకుల్లో చాలామంది తిరిగి రాలేదు. ఉద్యోగాలకు వెళ్లే స్త్రీల సంఖ్య పెరగడం అంతకుముందే ప్రేక్షకులను తగ్గిస్తూ వచ్చింది. ప్రకటనదారులకు కావలసింది 18-49 ఏళ్ల స్త్రీలు. నలభై ఏళ్లుగా చూస్తున్న అభిమాని యాభయ్యో ఏట ఆ లెక్కలోంచి జారిపోయింది. ధారావాహికను ఎక్కువ కాలం ప్రేమించినవారి గొంతుకే తక్కువ విలువ కట్టిన ఏర్పాటిది. కథ గతమంతా జ్ఞాపకం ఉన్నవారిని పక్కన పెట్టిన కాలంలోనే ఎరికా గతాన్ని తిరగరాయడం కాకతాళీయమని అనుకోలేం.

2011 ఏప్రిల్‌లో ఏబీసీ సంస్థ 'ఆల్ మై చిల్డ్రన్', 'వన్ లైఫ్ టు లివ్' రెండింటినీ ఆపివేస్తున్నట్టు ప్రకటించింది. అభిమానులు ప్రసార సంస్థతో ఆగక ప్రకటనదారుల మీదా ఒత్తిడి తెచ్చారు. గది ఊడ్చే యంత్రాలు తయారుచేసే హూవర్ కంపెనీ వారి కోపాన్ని గుర్తించి, ఏబీసీ నుంచి తన ప్రకటనలను ఉపసంహరించుకుంది. ఆక్సిడాల్ చీటీ పంపిన 1930ల శ్రోతకు తెలిసిన దారినే వీరు పట్టారు: డబ్బు ఎవరిదో వారికే రాయాలి. ఈసారి కవరులో చీటీ లేదు, ఇకపై కొనబోమన్న మాట ఉంది.

ప్రసారం ఆగింది. 2011 సెప్టెంబరు 23న 'ఆల్ మై చిల్డ్రన్' చివరి భాగంలో పాత్రలన్నీ ఒక విందులో కలిశాయి. గోడ వెనుక దాక్కున్న జె.ఆర్. చాండ్లర్ తుపాకీ పేల్చాడు, తెర నల్లబడింది. గుండు ఎవరికి తగిలిందో చెప్పలేదు. ధారావాహిక అంతర్జాలంలో కొద్ది నెలలపాటు తిరిగి వచ్చిన 2013 ఏప్రిల్ దాకా ప్రేక్షకులు ఆ ప్రశ్నను పట్టుకుని ఉన్నారు. అప్పుడు తెలిసింది, చనిపోయింది మారిసా అని.